టాలివర్ల భోజనాల బల్ల

ఆదివారం ప్రార్థన ముగించుకుని గుర్రపు బండి ఇంటి ముందు ఆగేసరికి పంది తొడ పొయ్యి మీంచి దిగాలి, మొక్కజొన్న రొట్టె కోసి ఉండాలి, గ్రేవీ పొగలు కక్కాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటి బానిస టెంపీ అన్నీ వేళకే చేస్తోంది. ఇనప మూతల్ని వట్టి చేత్తో ఎత్తేది. తన కొడుకులు గేబ్‌నీ ఐజాక్‌నీ అమ్మేసి, గొలుసు కట్టి దక్షిణాది పత్తి చేలకు తోలుకుపోయిన రోజునుంచి ఆ అరచేతులకు వేడి తెలియడం మానేసింది. ఒకసారి నిప్పు కణిక ఎత్తి, ఎక్కడ పెట్టాలో మరిచిపోయి, అది బూడిదయ్యేదాకా పట్టుకుని నిలబడింది. ఏడుపూ లేదు, నవ్వూ లేదు. రోజులు వచ్చేవి, పోయేవి, గిన్నెల్లాగా.

ముసలి టాలివర్ దొర పోతూ పోతూ వీలునామా రాశాడు. పొలం ఇద్దరు కొడుకులకూ. అయితే ప్రతి ఆదివారం ఇద్దరూ ఒకే బల్ల మీద భోంచేయాలి. కాఫీ తాగకముందే ఎవడు లేస్తే వాడికి జానెడు నేల లేదు. వంటమనిషి టెంపీ పెద్దవాడు ఆంబ్రోస్‌కు. టెంపీ కూతురు వైనీ మాత్రం అన్నదమ్ములకు చెరిసగం. ఎందుకలాగో రాయలేదు. వైనీ మొహం మీద ఆ ముసలాయన ముక్కు ఎంత అచ్చుగుద్దినట్టు ఉండేదంటే, ఊరి కుక్కలు దాన్ని చూసి దొరే లేచొచ్చాడనుకుని తోకలు ముడిచేవి. కానీ బల్ల దగ్గర ఆ ముక్కు మాట ఎవరూ ఎత్తరు.

మొదట్లో అది ఆరుగురు కూర్చునే మామూలు బల్లే. ఒక ఆదివారం తమ్ముడు సైలస్ రొట్టె నములుతూ అన్నాడు, "మనిషిని మనిషి కొనుక్కోవడం పాపం అన్నా."

"పాపమైతే ఆ రొట్టె ఎవరు చేశారో చూసి ఉమ్మెయ్‌రా," అన్నాడు ఆంబ్రోస్.

బల్ల మూరెడు సాగింది. ఆంబ్రోస్ భార్య చూసి, బల్లగుడ్డకు మూరెడు అతుకు వేయించింది.

పారిపోయిన బానిసను పట్టివ్వాలని చట్టం వచ్చిన ఏడు బల్ల కోసం గోడ పగలగొట్టారు. కాన్సాస్‌లో బానిసలు ఉండొచ్చా కూడదా అని తగువు పడ్డ ఏడు అది మొక్కజొన్న చేను దాటింది. కొత్త అధ్యక్షుడి ఎన్నిక నాటికి కొత్త కాళ్ళు మొలిపించుకుని ఒహాయో నదిలోకి దిగింది. పొగ పడవలు పొగగొట్టాలు వంచుకుని దాని కిందనుంచి పోయేవి. సైలస్ చివరి కుర్చీలో, బూట్లు నీళ్ళలో ముంచుకుని భోంచేసేవాడు. ఆయన జారవిడిచిన చిక్కుడు గింజలు తిని ఆ రేవులో చేపలు పందిపిల్లలంత అయ్యాయి. పొరుగువాళ్ళకు ఇదేం వింత కాదు. కెంటకీలో ఆ రోజుల్లో సాగని బల్ల ఏ ఇంట్లో ఉంది గనక? చర్చి బెంచీలే నిలువునా చీలిపోతుంటే!

గొంతులు అందడం మానేశాక మాటల్ని కూడా టెంపీయే మోసేది. ఉత్త కాళ్ళతో బల్ల ఎక్కి, గిన్నెల మధ్యనుంచి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. చెప్పింది చెప్పినట్టు అందించేది. వేసేదీ లేదు, తీసేదీ లేదు.

యుద్ధం వచ్చిన వసంతంలో ఒక ఆదివారం ఆంబ్రోస్ మాంసం కోస్తూ అన్నాడు, "తమ్ముడికి చెప్పు. వైనీకి బేరం కుదిరింది. రేపు పొద్దున్నే దక్షిణాదికి బండి. వాడి సగానికి వాడు సరే అనాలి."

"చెబుతాను దొరా," అంది టెంపీ.

చేను దాటింది. నీళ్ళ మీదికి వచ్చింది. లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏమీ కదల్లేదు. కళ్ళు మాత్రం కొలిచాయి. సైలస్ కుర్చీకీ అవతలి ఒడ్డుకీ మధ్య ముప్పై బారల నీళ్ళు. అవతల బానిసల్లేని నేల.

సైలస్ విని నిట్టూర్చాడు. "బానిసత్వం పాపమే టెంపీ. నేనెప్పుడూ అంటూనే ఉన్నానా లేదా?"

"అంటూనే ఉన్నారు చిన్నదొరా."

"కానీ సముద్రపు కోట మీద దక్షిణాదివాళ్ళ ఫిరంగులు పేలాయట, ఇక యుద్ధమేనట. ఈ పూట అన్నతో ఇంకో గొడవ నా వల్ల కాదు. సరే అన్నానని చెప్పు." చెంచా ముంచి మొహం చిట్లించాడు. "గ్రేవీ చల్లారిపోయింది."

బల్ల చటుక్కున మూరెడు కుంచించుకుపోయింది. సైలస్ బూట్లు నీళ్ళలోంచి పైకి లేచాయి.

టెంపీ వెనక్కి నడిచింది. నాలుక మీద ఆ 'సరే' ఉంది. అది పెద్దదొర చెవిన పడితే బల్ల గిర్రున చుట్టుకుని భోజనాల గదిలోకి వచ్చేస్తుంది. అన్నదమ్ములు కౌగిలించుకుంటారు. వైనీ బండెక్కుతుంది. వీళ్ళ వంటకాల్లో ఎన్నేళ్ళుగానో ఉప్పూ మిరియాలూ వేస్తోంది గానీ, వీళ్ళ మాటల్లో ఎన్నడూ వేయలేదు.

"ఏమన్నాడు?" అన్నాడు ఆంబ్రోస్.

"చిన్నదొర అన్నారు, 'మన చెల్లెల్ని అమ్ముకుందామా అన్నా?' అని."

ఆంబ్రోస్ భార్య ఫోర్కు కింద పడింది. గిన్నెలు తుడుస్తున్న వైనీ, ఆ ముక్కుతో సహా, తలెత్తింది. అందరూ చూశారు. వెంటనే అందరూ చూపు తిప్పుకున్నారు.

ఆంబ్రోస్ మెడ నరాలు పలుపుతాళ్ళంత ఉబ్బాయి. "నాకు తమ్ముడు లేడని చెప్పు వాడికి!"

బల్ల ఉలిక్కిపడ్డ గుర్రంలా ఒక్క దూకు దూకింది. ఆ మోతకు మూడు జిల్లాల అవతల కోళ్ళు గుడ్లు పెట్టేశాయి.

"చెబుతాను దొరా. కాఫీ కూడా ఇవ్వనా?"

ఆయనకు వీలునామా గుర్తొచ్చింది, కాఫీ ఇవ్వకుండా లేపితే తప్పు తనదౌతుంది. "ఇవ్వు. తాగి చావమను."

"చక్కెర గిన్నెకు చెయ్యి చాలదు. పిల్లను తీసుకెళ్ళనా?"

"ఎవర్నో ఒకర్ని తీసుకుపో! నా ఎదుట నిలబడకు!"

ఎన్నేళ్ళుగానో ఆ కొసకు వెళ్ళిన ప్రతి గిన్నే తిరిగొచ్చింది. తిరిగి రాకపోవచ్చన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్క బుర్రకూ తట్టలేదు.

"అమ్మా, చెప్పులతోనే ఎక్కనా?" అంది వైనీ గుసగుసగా.

"ఎక్కు."

"ఎక్కడికమ్మా?"

"కాఫీ ఇవ్వడానికి. కిందికి చూడకు."

సైలస్ కుర్చీ ఒడ్డుకు రెండు బారల దూరంలో ఊగుతోంది. "నేను సరే అన్నానుగా?" అన్నాడు బిత్తరపోయి.

"అన్నారు దొరా. పెద్దదొర తమకు తమ్ముడు లేడన్నారు." ఇనప కెటిల్‌లోంచి కాఫీ వంచింది.

ఆయన కప్పు అందుకున్నాడు. ఒక్క గుక్కలో తాగేశాడు. "అయితే నాకూ అన్న లేడు."

కుర్చీ జర్రున గడ్డిలోకి ఎక్కి ఆగింది. సైలస్ లేచి, పట్నంలో సైన్యంలోకి పిలుస్తూ డప్పులు మోగుతున్న దిక్కుకు నడిచాడు. వెనక ఎవరున్నారో చూడలేదు. ఈ కొసన జవాబు కోసం చూసి చూసి ఆంబ్రోస్ కూడా లేచాడు. తమ్ముడు ఉత్తరాది సైన్యపు నీలం కోటు తొడుక్కున్నాడు, అన్న దక్షిణాది బూడిదరంగుది. టెంపీ మాటే యుద్ధం తెచ్చిందనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ కుండ ఎన్నేళ్ళనుంచో ఉడుకుతోంది. ఆమె మూత తీసింది, అంతే.

ఆ ఒడ్డున కూడా మనుషుల్ని పట్టేవాళ్ళుంటారు. కానీ ఆ వారం వాళ్ళంతా డప్పుల వెంట పోయారు. తల్లీ కూతుళ్ళు బల్ల దిగి ఉత్తరపు దారి పట్టారు. మైలు నడిచాక వైనీ అంది, "అమ్మా, ఆ కెటిల్ ఇంకా పట్టుకునే ఉన్నావేంటి?"

టెంపీ చూసుకుంది. ఇనప కెటిల్ కింద అరచెయ్యి ఎర్రగా కంది ఉంది.

"కాలుతోంది," అంది, ఎవరిదో కబురు అందిస్తున్నట్టు. నాలుగడుగులు వేసి మళ్ళీ అంది, "కాలుతోందే, వైనీ."

"మరి దింపెయ్యమ్మా!"

"ఉండు," అంది టెంపీ. "ఇంకాసేపు."