ఐతారం తెలిసిన బండి

మన్సూర్ తన షెడ్డుకు వచ్చిన బండికి ముందు బానెట్ ఎత్తడు, యజమానిని మాట్లాడిస్తాడు. బండి అబద్ధం ఆడదు గానీ దానికి నోరు లేదు. యజమానికి నోరుంది గానీ సగం సంగతులు మింగేస్తాడు. రెంటినీ దగ్గర పెట్టి చూస్తే ఏ రోగమైనా దొరుకుతుందని అతని నమ్మకం. గోదావరిఖనిలో ఇరవై ఏళ్లుగా ఆ నమ్మకం వమ్ము కాలేదు, కాదని అతనికీ తెలుసు.

సకల జనుల సమ్మె జరిగిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓ సాయంత్రం పోశం తన తెల్లకారు తెచ్చాడు. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా పెట్టి ఆ పాత డీజిల్ కారు కొన్నాడు. రోజూ మొదటి షిఫ్టుకు ఒక ఇంజనీరును ఓపెన్‌కాస్టు గనిలోకి తీసుకుపోవడం దాని డ్యూటీ.

"మీటర్ల కాడ ఇంజను బొమ్మ దీపం ఎలుగుతాంది మన్సూరు. ఎత్తు ఎక్కుమంటె నల్లపొగ కక్కుతాంది గని గుంజుత లేదు. ఇయ్యాల పొద్దుగాల ర్యాంపు నడుమ నిలవడ్డది. రేపు గూడ ఆగితె ఇంకో బండిని పెట్టుకుంటమని సారు చెప్పిండు." అని దగ్గాడు పోశం. ఆ దగ్గు అతని ప్రతి మాటకూ వెనకే వస్తుంది.

కంప్యూటర్ పెట్టి చూసే పెద్ద గ్యారేజీకి అప్పటికే రెండుసార్లు తిరిగాడట. ఇంజనుకు గాలి చాలడం లేదని కంప్యూటర్ చెప్పింది. గాలిని కొలిచే సెన్సారు మార్చి, దీపం ఆర్పి పంపారు. రెండు రోజులకు మళ్లీ వెలిగింది.

మన్సూర్ అప్పుడు బానెట్ ఎత్తాడు. ఫిల్టరు శుభ్రంగా ఉంది. గాలి గొట్టంలో చిల్లు లేదు, అడ్డం లేదు. పోశాన్ని పక్కన కూర్చోబెట్టుకుని రైల్వే వంతెన ఎక్కిస్తే, దీపం వెలుగుతూనే ఉంది గానీ కారు మాత్రం ఏ రోగమూ లేనట్టు ఎక్కింది.

"కాక, ఎప్పుడు మొరాయిస్తది ఇది?"

"పొద్దుగాల. షిఫ్టయినంక ఇంటికి వొయ్యి, తిని ఎక్కితె మంచిగనే ఉంటది."

"రోజూ గంతేనా?"

"రోజూ గంతే. మొన్న ఐతారం మాత్రం పొద్దుగాల్నే కమాన్‌పూర్ల సుట్టాలింటికి వోతె ఉరికింది. అంతకుముందు ఐతారం సుత గట్లనే."

ఆదివారం మాట వినగానే మన్సూర్ చేతులు తుడుచుకుని నవ్వాడు. రోగం దొరికింది, ఇక దొరకవలసింది రోగం పెట్టిన మనిషే.

"ఇంజనుకు ఐతారం ఎరుకుంటదా కాక? అది మనుషులకే ఎరుక. పొద్దుగాల బండిని ఎవలు ముడుతరు?"

"ఎవలు ముడుతరు? మీ అవ్వ తుడుస్తది, ఇంజన్ల నీళ్లు వోస్తది. నేను బానెట్ గూడ ఎత్తను." పోశం ముఖం ఎర్రబడింది. "ఎవడో కండ్లల్ల నిప్పులు వోసుకుంటుండు. దొరకాలె వాడు."

"రేపు నువ్వు తాళం తిప్పకముందే ఆడుంట. ఫికర్ చెయ్యకు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన్సూర్ పట్టగలననే అనుకున్నాడు. తెల్లవారకముందే కార్మికుల క్వార్టర్ల సందులో స్కూటర్ ఆపి, పోశం తలుపు తీయగానే ఎదురెళ్లి బానెట్ ఎత్తాడు. గాలి లోపలికి పోయే గొట్టం మూతికి తడి తువ్వాల రెండు మడతలుగా చుట్టి, దారంతో బిగించి కట్టి ఉంది.

"ఎవడు కట్టిండు ఇది?" పోశం గొంతు సందంతా వినబడింది.

"నేనే," అంటూ బిందె చంకన పెట్టుకుని వచ్చింది అతని భార్య సమ్మవ్వ. "గనిల దుమ్ము దాని ముక్కులకు పోదా? నువ్వు బాయికి వోంగ తడిపి కట్టినట్టే కట్టిన. నువ్వు తినంగ ఇప్పి, ఉతికి ఆరేస్తున్న. ఐతారం దుమ్ములకు వోదు గద, కట్టలే."

"దానికి ఊపిరాడక సస్తాందే. నా డ్యూటీ ఊడేటట్టు చేస్తివి. ముప్పై రెండేండ్లు నాకు గూడ కట్టినవ్, నేనేమన్న ఆగిన్నా?"

సమ్మవ్వ బిందె కింద పెట్టింది.

"నువ్వెందుకు ఆగుతవు? సందు మలుపు దాక ఉంచుకునుడు, మలుపు తిరుగంగనే ఇప్పి జేబుల పెట్టుకునుడు. ఉతికెటోళ్లకు ఎరుక కాదా? ఒక్కనాడన్న తువ్వాలకు మసి లేకపాయె. నీకు చేతులున్నయ్, ఇప్పుకున్నవు. దానికి లేకపాయె."

పోశం జవాబు చెప్పబోయాడు. దగ్గు అందుకుంది. అన్నేళ్లూ తెలిసి కూడా ఆమె ఒక్క మాట అనలేదే అనుకున్నాడు మన్సూర్. కిందికి వంగి దారం తెంపాడు.

"ఇగ ఎక్కుతది కాక. నా మాట."

పోశం ఆ తువ్వాల అతని చేతిలోంచి తీసుకున్నాడు. ముక్కుకు కట్టుకుని కారెక్కాడు.

మన్సూర్ స్కూటర్ మీద గని గేటు దాకా వెనకాలే వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి సమ్మవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఎక్కిందా బిడ్డా?"

"గేటు కాడి ఎత్తు దనదన ఎక్కింది అవ్వ, పొగ లేదు. ఎత్తెక్కినంక సుత కాక తువ్వాల ఇప్పలే, ముక్కుకే ఉన్నది."