తక్కువ రకంలో మంచి గిటార్

"మా ఆవిడికి జాకెట్టు గుడ్డ కావాలంటేనూ, పనిలో పని ఇటొచ్చేమండి." అమలాపురంలో వాయిద్యాల షాపు మెట్లెక్కగానే మా ఆయన అనే మాట ఇది. పదేళ్ళుగా ఇదే మాట. ఈ లెక్కన నా బీరువా నిండా జాకెట్లే ఉండాలి. ఒక్కటి కొంటే ఒట్టు.

మా ఆయన గోపీకృష్ణకి పి.గన్నవరంలో ఆర్కెస్ట్రా ఉంది. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ వాయిస్తారు. వాయిద్యాల నాణ్యం ఆయనకి తెలిసినంత కోనసీమలో ఇంకెవరికీ తెలీదని పేరు. పిల్లలకి గిటార్ కొనాలనుకున్న ప్రతి తండ్రీ ఆయన్ని వెంటబెట్టుకు వెళ్తాడు. ఆయన నన్ను వెంటబెట్టుకు వెళ్తాడు, ఎందుకంటే గిటార్ చూసేది నేను. ఎదురుగా ‘మీరు’ అంటాను గానీ, మనసులో ఆ మర్యాద మానేసి చాలా కాలమైంది.

పెళ్ళయిన కొత్తలో ప్రోగ్రాం నుంచి రాగానే గిటార్లు అరుగు మీద పడేసి నిద్రపోయేవాడు. మా ఊరి తేమకి తీగెలు ఇట్టే తుప్పు పడతాయి. వాటిని తుడవడం, తీగెలు మార్చడం, ఊడిన వైరు మళ్ళీ అతకడం నా పనైంది. అంట్లు, బట్టలు, గిటార్లు. ఓసారి ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నదాన్ని తుడుస్తూ, దీని మెడ వంకరండీ అన్నాను. నవ్వాడు. నెల తిరక్కుండా అది మూలపడింది. అప్పట్నుంచీ షాపుకి నన్నూ తీసుకెళ్తున్నాడు. నలుగురిలో పెళ్ళాన్ని అడిగితే పరువు తక్కువని ఒక ఏర్పాటు కూడా చేశాడు. గిటార్ బాగుంటే నేను కొంగు సర్దుకోవాలి, బాగోకపోతే ఊరుకోవాలి. ఆడమనిషి కొంగు సర్దుకుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

మొన్నామధ్య ఒకరోజు నేను తీగెలు బిగిస్తుంటే చూసి, "ఈసారి కొనేది నీకేలే వేణీ" అన్నాడు. ఆ తర్వాత నెలకి ఓ పొద్దున్న టిఫిను తింటూ, తక్కువ రకంలో ఓ మంచి కరెంటు గిటార్ చూడాలి పద అన్నాడు. నలభై రెండేళ్ళ మనిషిని, నాకేనన్న సంబరంలో అట్టు మాడ్చేశాను.

నాకు వాయించడం వచ్చు. ఎవరూ నేర్పలేదు. తీగె మార్చాక సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకోవాలి కదా, అలా చూసుకుంటూ చూసుకుంటూ వచ్చేసింది. మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చాక వంటింట్లో పీట మీద కూర్చుని, వైరు తగిలించకుండా వాయించుకునేదాన్ని. స్పీకరు లేకపోతే ఆ మోత నా ఒడి దాటదని నా ధైర్యం. నాకు తోచిన ముక్కలు నేనే కట్టుకునేదాన్ని. నాదంటూ ఒక గిటారుంటే పట్టపగలు వైరు తగిలించి, వీధిలోకి వినపడేలా వాయించాలని ఆశ. పిచ్చి ఆశ అనుకోండి, అయినా ఆశే.

ఆ రోజు షాపు యజమాని భాస్కరరావుగారు మూడు గిటార్లు తీసి పెట్టారు. మా ఆయన రంగులు చూశాడు. చూసినవాటిని, కాస్త పట్టుకో అన్నట్టు ఒక్కొక్కటీ నా చేతిలో పెట్టాడు. నల్లదాన్ని తలవైపు నుంచి ఒంటికన్నుతో చూశాను. మెడ మధ్యలో లోపలికి దిగిపోయి ఉంది. ఎర్రది పెళ్ళికూతురిలా మెరుస్తోంది గానీ, మెడ మీద అడ్డంగా కొట్టిన రేకుల చివర్లు బయటికి పొడుచుకొచ్చి నా బొటనవేలు గీరుకుపోయింది. నీలంది మాత్రం చూడ్డానికి సాదాసీదాగా ఉంది. మెడ తిన్నగా ఉంది. రేకుల అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. తీగెలు బిగించే కీలు తిప్పినచోటే నిలబడుతున్నాయి. వైరు గుచ్చి మీట తిప్పితే గరగర లేదు. ఇంత చౌకదానికి అంత ఓపిగ్గా అంచులు తీర్చింది ఎవరో ఆడమనిషే అయ్యుంటుందనిపించి, ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కొంగు రెండుసార్లు సర్దుకున్నాను.

"నీలంది కట్టించండి భాస్కరరావుగారూ," అన్నాడు మా ఆయన. "దిండి రిసార్టులో గోడకి తగిలిస్తారంట. వచ్చినోళ్ళు దాంతో ఫొటోలు దిగుతారంట. మేనేజరుగారు ముచ్చటపడ్డారు, మనకి ప్రతి శనివారం ప్రోగ్రాం ఇస్తానన్నారు."

నా చేతుల్లోంచి దాన్ని ఎప్పుడు తీసుకున్నారో తెలీలేదు. పదేళ్ళలో మొదటిసారి ఆ షాపులో నోరు విప్పాను.

"గోడకైతే ఆ నల్లది చాలండి. దాని మెడ వంకర. ఎర్రదాని అంచులు చెయ్యి కోస్తాయి. నీలంది వాయించుకునేవాళ్ళదండి."

భాస్కరరావుగారు నల్లదాన్ని ఎత్తి, నేను చూసినట్టే ఒంటికన్నుతో చూశారు. "ఆయ్, నిజమేనండి," అన్నారు. నాతో కాదు, మా ఆయనతో. "చెల్లెమ్మగారిక్కూడా బాగా నేర్పేరండి."

మా ఆయన నవ్వి, ఇంట్లో ఉంటే ఆ మాత్రం అబ్బుతుంది కదండీ అన్నాడు. నీలందే కట్టించాడు. మంచిదిస్తే మేనేజరు దగ్గర మాట దక్కుతుందట.

దాన్ని ఇచ్చెయ్యడానికి అట్నుంచటే దిండి బయల్దేరాం. బండి మీద ఆ పెట్టెని మా ఇద్దరి మధ్యా నిలబెట్టి పట్టుకున్నాను. రాజోలు దాటేదాకా ఆపుకున్నాను. ఆ తర్వాత అడిగేశాను, ఈసారి కొనేది నాకన్నారు కదండీ అని.

"నీకెందుకే? పాతది ఉందిగా," అన్నాడు వెనక్కి చూడకుండా. "మధ్యాహ్నాలు వాయిస్తూనే ఉన్నావు కదా. నాకు తెలీదనుకున్నావా? గోడకి ఇవతలే కదా నేను పడుకునేది. నువ్వు కట్టిన ముక్కలు నాలుగైదు ప్రోగ్రాముల్లో వాడేను కూడానూ. జనం బాగుందన్నారు."

ఇన్నేళ్ళూ నన్ను ఎవరూ వినలేదనే కదా నా బాధ. విన్నాడు. రోజూ విన్నాడు. ఏవి పనికొస్తాయో ఏరుకుని మరీ విన్నాడు.

దిండిలో దిగి పెట్టె ఆయన చేతికిచ్చాను. ఆ రోజు నుంచి నేను వాయించడం మానేశాను. అదీ ఆయనకి తెలిసే ఉంటుంది. ఎందుకని మాత్రం ఇంతవరకూ అడగలేదు.