అడిగేవాళ్లు లేని చావు

దుఃఖంలో ఉన్నవాళ్లను ఓదార్చడం నేర్పే ఆ శిక్షణ తరగతిలో చోంగ్‌నెంగ్ వాంగ్ పని దుఃఖపడటం. భార్య పోయిన ముసలివాడొకడు కావాలని లావోస్ నుంచి అమెరికా వచ్చి సెయింట్ పాల్ నగరంలో స్థిరపడ్డ హ్మాంగ్ జాతివాళ్ల సంఘాన్ని అడిగారట. నేర్చుకునేవాళ్లు ముగ్గురు వంతులవారీగా అతన్ని ఓదార్చి చూస్తారు.

పాఠం చెప్పే లిండా కాగితం పంచి, పైకి చదివింది. ఆసియా వాళ్లు కళ్లలోకి చూడరట. బాధ పైకి చెప్పరట. చోంగ్‌నెంగ్ ఆమె చూపు దించుకునేదాకా ఆమె కళ్లలోకే చూశాడు.

"మీ తప్పేం లేదు," అన్నాడు మొదటి కుర్రాడు మెత్తగా.

"నువ్వొచ్చి చూశావా?"

"మిమ్మల్ని మీరు క్షమించుకోవాలి," అంది రెండో ఆమె.

"దొంగా నేనే, తీర్పరీ నేనేనా?"

"కోపం వెనక దుఃఖం. రాసుకోండి," అంది లిండా.

"ముసలాడికి చెవుడు లేదని కూడా రాసుకోండి."

హ్మాంగ్ ఇంట ఆడది పోతే పుట్టింటివాళ్లు వస్తారు. మొగుణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మా పిల్లని ఎలా చూశావని నిలదీస్తారు. తిట్టాల్సింది తిట్టి లేవమంటారు. అప్పటికి గాని ఆ చావు తీరదు. అతని భార్య యేర్ అన్నదమ్ములు లావోస్ నుంచి పారిపోతూ, మెకాంగ్ నది దాటుతుండగా మునిగిపోయారు. వాళ్ల బదులు వచ్చిన, ఆమె పుట్టింటి లార్ వంశంలోని దూరపు చుట్టాలు, పెద్దమనిషి కదా అని మొహమాటపడ్డారు. పాపం అన్నారు. ఆ మాట పది నెలలుగా అతని గొంతులో ముల్లు.

మూడో పిల్ల ఇంతవరకూ నోరు విప్పలేదు. ఆమె చొక్కా మీది చీటీలో పాకూ లార్ అని ఉంది. నేర్చుకునేవాళ్ల జాబితాలో ఆ పేరు చూసే అతను ఈ పనికి ఒప్పుకున్నాడు.

"లార్ పిల్లవేనా?"

"అవును తాతా."

"తాతని కాదు. నా భార్య యేర్ లార్. నీకు మేనత్త వరస. అడుగు."

"అడగాల్సింది మగవాళ్లు కదా, మామయ్యా?"

"వాళ్ల నోళ్లు పడిపోయాయి. నీదీ పడిపోయిందా?"

పాకూ కాగితం మడిచి కింద పెట్టింది.

"మా మేనత్తని ఎలా చూశావు?"

చోంగ్‌నెంగ్ కుర్చీ దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఫ్యాక్టరీలో టర్కీ కోళ్లు కోసే పని మానేస్తానంది. ఒళ్లు దాచుకుంటున్నావన్నాను. ఛాతీలో నొప్పంది. పని అయ్యాక చూద్దామన్నాను. యంత్రం దగ్గరే పడిపోయింది."

"నొప్పని ఎన్నిసార్లు చెప్పింది?"

"మూడుసార్లు."

లిండా కంగారుగా లేచింది. "ఆయన్ని లేపండి! ఇది అభ్యాసం మాత్రమే."

"నువ్వు కూర్చో అమ్మా," అన్నాడు చోంగ్‌నెంగ్ వెనక్కి తిరగకుండానే. "మా వాళ్ల పిల్ల ఇంకా అడుగుతోంది."

పాకూ లేవమనలేదు.

"మూడోసారి చెప్పినప్పుడు ఏమన్నావు?" అంది.