కొలువు తీరిన వాల్వులు

"ఏవండీ, ఆలూలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. సరేనా?"

గుమ్మంలోనే రాజగోపాల్ బుర్ర గిర్రున తిరిగింది. మెట్రో రొదలో గొంతు చించుకుని ఫోన్లో అతను చెప్పింది వాల్వుల గురించి. తన పాత కారు రేడియోలోని గాజు వాల్వులవి, కారు బ్యాటరీ పన్నెండు వోల్టులతోనే పాడే రకం. మసిబారాయని వాటిని పీకి ఇంట్లో పడేసి, బజార్లో తళతళలాడేవి కొన్నాడు. అవి దేదీప్యమానంగా వెలిగాయి గానీ కిమ్మనలేదు. అచ్చం ఆఫీసులో అతని సెక్షనే, లైట్లన్నీ వెలుగుతాయి, ఫైలు కదలదు! తీరా విచారిస్తే, అవి ఇళ్ళలోని పెద్ద రేడియోలవట, రెండొందల వోల్టులు పడితేగానీ నోరు విప్పవట. రేపే పాత కార్ల ర్యాలీ. రేడియో పలకని కారుకి ప్రవేశం లేదు. చూడ్డానికి ఆఫీసంతా వస్తోంది.

"నా వాల్వులేవే సుభాషిణీ?"

"పాపా, వో కాంచ్ వాలే? స్ట్రీట్ లైట్ బన్ గయే!" అంది కూతురు వీణ, ఆ గాజువి వీధి దీపాలైపోయాయన్నట్టు.

ముందుగదిలో దసరా బొమ్మల కొలువు, చుట్టూ పేరంటాళ్ళు. మూడో మెట్టు మీద అట్టముక్కల ఇండియా గేటు, దాని ముందు దీపస్తంభాల్లా నాలుగు వాల్వులు! రాజగోపాల్ చెయ్యి చాపాడు.

"ఆగు నాయనా!" పక్క క్వార్టరు తాయారమ్మగారు అడ్డొచ్చింది. "కొలువు తీరాక పండగయ్యేదాకా కదపకూడదు."

"నాదీ కొలువేనండీ! నన్ను ఎప్పుడు పడితే అప్పుడు కదుపుతారే!"

"నీది నౌకరీ నాయనా. ఇది కొలువు."

రాజగోపాల్ పళ్ళు నూరాడు. "మెట్టు దిగకూడదు, అంతేగా?" అంటూ కిందికి పరుగెత్తి, కారులోంచి రేడియో, బ్యాటరీ ఊడబీకి, రొప్పుతూ మోసుకొచ్చి ఆ మెట్టు మీదే పెట్టాడు. వాల్వుల్ని జానెడు జరిపి రేడియోలో గుచ్చాడు. గుర్రుమంది, గొంతు సవరించుకుంది, పాట అందుకుంది! పేరంటాళ్ళు చప్పట్లు కొట్టారు. తాయారమ్మగారు మురిసిపోయి రేడియోకి కుంకం బొట్టు పెట్టి, హారతి ఇచ్చేసింది.

రాజగోపాల్ రేడియో ఎత్తబోయాడు.

"ఆగు నాయనా! ఇప్పుడిదీ కొలువు తీరింది."

అతను కూలబడ్డాడు. కారు గొంతే కాదు, గుండెలాంటి బ్యాటరీ కూడా మెట్టెక్కి కూర్చుంది.

"ఇంతకీ ఆలూలకి తాళం ఎందుకు వెయ్యమన్నారండీ?" అంది సుభాషిణి. పేరంటాళ్ళందరూ అతని వైపు తిరిగారు.

"వాల్వులన్నానే తల్లీ! పాత వాల్వులు భద్రం అన్నాను! మెట్రో గోలలో నీకు ఆలూలని వినపడింది. అమ్మల్లారా, అందరూ విన్నారా? వా...ల్వు...లు!"

"అచ్ఛా!" అన్నారందరూ.

"అయితే నాయనా," అంది తాయారమ్మగారు, "ఆలూలు కొలువులో లేవుగా? తాళం తియ్యి, బజ్జీలు వేద్దాం."