తలుపులమ్మ వైపు వాలిన ఇనుము

పొద్దున్న ఐదున్నరకి తలుపులమ్మ టీ పెట్టడంతో ఆ ఇల్లు లేస్తుంది. మొదటి గ్లాసు అత్త సింహాద్రమ్మకి, రెండోది భర్త జగదీశ్వరరావుకి, మూడోది తనకి. ఆ మూడో గ్లాసుతోనే ఐరన్ మాత్ర మింగుతుంది. టీ ఏనాడూ మర్చిపోదు కాబట్టి, దాంతోపాటైతే మాత్రా మర్చిపోదని ఆమె ఉద్దేశం. ఆ తర్వాత టిఫిను, క్యారేజీలు, ఇద్దరాడపిల్లల జడలు, ఎనిమిదింటికి బలిఘట్టం ఆటో. అక్కడి స్కూల్లో ఆమె లెక్కల టీచరు.

ఆ రోజు టీ వడగడుతుంటే మేకుకి వేలాడుతున్న అట్లకాడ ఆమె వైపు వాలింది. స్టౌ మీది ఇనప మూకుడు కూడా అంగుళం ఇటు జరిగింది. గుమ్మంలో నిలబడ్డ సింహాద్రమ్మ అంతా చూసింది.

"మళ్ళీ తగ్గిపోనాదేటే రకతం? మూకుడు బేగి పట్టుకో, నూనె ఒలికిపోద్ది."

ఒంట్లో ఇనుము తగ్గిన మనిషి మీదకి బయటి ఇనుము ఒరుగుతుంది. నర్సీపట్నంలో ఇది చింతపండు పుల్లగా ఉంటుందన్నంత మామూలు సంగతి. ఆటో డ్రైవరు ఆమెని చూడగానే స్పానర్లు సీటు కిందకి తోసేస్తాడు. క్లాసులో పిల్లలు జామెట్రీ బాక్సుల మూతలు గట్టిగా అదిమి పట్టుకుని "గుడ్మార్నింగ్ టీచర్" అంటారు. ఇనుముతో ఆమెకి పేచీ లేదు. విసుగంతా మనుషులతోనే.

ఆగస్టులో టీచర్లందరికీ కరోనా టీకా రెండో డోసు వేశారు. మొదటి డోసుకి చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు. రెండోదాని తర్వాత నెలసరి తొమ్మిది రోజుల ముందే వచ్చి పన్నెండు రోజులు ఆగలేదు. గడ్డలు గడ్డలుగా పోయింది. పై నెలా అంతే, ఆ పై నెలా అంతే. ఒకదాని మీద ఒకటి రెండు ప్యాడ్లు, ముదురు రంగు చీరలు, కుర్చీలో మడతపెట్టిన తువ్వాలు. స్కూలు బాత్రూముకి గడియ లేదు, ఒక చేత్తో తలుపు పట్టుకునే అన్నీ కానివ్వాలి. మేడ మెట్లు పదకొండు ఎక్కేసరికి గుండె నోట్లోకి వచ్చేది.

సూదేసిన నర్సమ్మని అడిగితే ఫారం తిరగేసి చూసింది. జ్వరం, ఒళ్ళునొప్పులు, చెయ్యి వాపు ఉన్నాయి. "దీనికి గడి లేదండీ టీచర్‌గారూ" అని ఊరుకుంది. స్టాఫ్‌రూంలో ఒకావిడ బీట్‌రూట్ అంది, ఇంకొకావిడ ఖర్జూరం అంది, మరొకావిడ వేడి చేసిందని బార్లీ తాగమంది. సలహా ఇవ్వడానికి ఎవరికి మాత్రం బద్ధకం?

"అందుకే నేను డోసు తప్పించుకున్నాను" అంది నాలుగో ఆవిడ గర్వంగా.

అందరికన్నా ఆవిడ మీదే తలుపులమ్మకి ఎక్కువ ఒళ్ళు మండింది. "వేయించుకున్నందుకు నేనేం ఏడవడం లేదు. కష్టం చెప్తే ఒక్కరూ సరిగ్గా వినరని ఏడుస్తున్నాను" అని లేచి వెళ్ళిపోయింది.

నర్సింగ్‌హోంలో డాక్టరమ్మ స్కానింగు చేయించింది. అందులో ఏమీ లేదు. రక్తం ఆరు పాయింట్ తొమ్మిది.

"రెండో డోసు తర్వాత నుంచే అండీ" అని తలుపులమ్మ చెప్పబోయింది. డాక్టరమ్మ రాసుకోవడానికి స్టీలు పెన్ను తీస్తే అది దొర్లుకుంటూ తలుపులమ్మ వైపు వచ్చేసింది. రెండుసార్లు లాక్కుని, మూడోసారి విసుగొచ్చి సొరుగులో పడేసి, ప్లాస్టిక్ పెన్నుతో ఒక్క లైను రాసుకుంది.

"అందరూ వేయించుకున్నారు కదమ్మా. టెన్షన్ తగ్గించుకోండి. ఇలాగే పోతుంటే గర్భసంచి తీసేస్తే గొడవే ఉండదు. ముందు మాత్రలు వాడండి, రక్తం పది దాటాక చేద్దాం."

"తీసీండి మేడమ్" అన్నాడు జగదీశ్వరరావు. "ఇద్దరు పిల్లలున్నారు గదండీ, ఇంకెందుకది?"

వరండాలో పాత స్టూలు గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు. తలుపులమ్మకి ముప్పై ఆరేళ్ళు. రావికమతంలో ఉన్న ఆమె అక్క రామాయమ్మకి ముప్పై ఒకటికే తీసేశారు. అప్పట్నుంచీ రామాయమ్మ కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అది తలచుకుంటేనే తలుపులమ్మకి భయం. వద్దంది. ఇంట్లో ఎవరూ విన్నట్టు లేదు.

పది దాటేదాకా ఆగే ఓపిక సింహాద్రమ్మకి లేదు. పంచాంగం చూసింది. "కార్తీకంలో ఒద్దు. ఈ గురువారం దాటితే మంచిరోజు లేదు" అని తేల్చేసింది. జగదీశ్వరరావు వెళ్ళి డాక్టరమ్మని బతిమాలాడు. ఆవిడ ఒక బాటిలు రక్తం ఎక్కించి, సరే చూద్దాం అంది.

గురువారం పొద్దున్న బల్ల మీద తలుపులమ్మని పడుకోబెట్టారు. డాక్టరమ్మ చెయ్యి చాపింది. ట్రేలో కత్తి కదిలింది, ఆవిడ చేతిలోకి కాదు. కత్తి, కత్తెర, పట్టకార్లు ఒకదాని వెనక ఒకటి ట్రే దిగి వచ్చి తలుపులమ్మ పక్కలో పిల్లిపిల్లల్లా ముడుచుకుని పడుకున్నాయి. నర్సు తీసి ట్రేలో పెట్టింది. మళ్ళీ వచ్చాయి.

డాక్టరమ్మ గ్లౌజులు విప్పేసింది. బయటికొచ్చి జగదీశ్వరరావుతో, "పది దాటందే కత్తి ఒప్పుకోదని ముందే చెప్పాను. ముహూర్తం అన్నది మీరే. మూడు నెలలాగి రండి" అంది.

మూడు నెలల గడువు. కొయ్యూరు నుంచి ఆకుకూరలు, ఉసిరికాయలు, చోళ్ళు, అంటే రాగులు, పట్టుకొచ్చే సోమలమ్మ ఎప్పట్లాగే ఆదివారం వీళ్ళ వరండాలో గంప దించింది. నడుముకున్న కొడవలి తీసి కింద పెడితే దాని మొన తలుపులమ్మ వైపు తిరిగింది. తలుపులమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి ఆమెకిచ్చి, తనది కింద పెట్టుకుని కూర్చుంది. కొడవలి మొన ఆమెని వదిలేసి గ్లాసు వైపు తిరిగింది.

సోమలమ్మ ఆ గ్లాసుని ఎడమకి జరిపింది. కొడవలి ఎడమకి తిరిగింది. కుడికి జరిపింది. కుడికి తిరిగింది.

"సూసినావా టీచరమ్మా. నీ కాడికి రావలసిన ఇనుం టీ కాడికి పోతన్నాది. మాత్తర దేంతోటి మింగుతున్నావేటి?"

"టీతో."

"అన్నం తిన్నాక ఏటి తాగుతావు?"

"టీయే."

"మరింకేటి ఉంటాది నీకు?"

తలుపులమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్ని నెలల్లో ఇంతమంది ఇన్ని తినమన్నారు, మాత్ర దేంతో మింగుతున్నావని ఒక్కరు అడిగారా? లెక్కల టీచరై ఉండి, ఒక చేత్తో వేసింది ఇంకో చేత్తో తీసేస్తున్నానని తనకైనా తట్టిందా?

ఆ పూట నుంచి మాత్ర నిమ్మరసంతో. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం మునగాకో తోటకూరో, అన్నంలోకి ఉసిరి పచ్చడి. టీ తిండికి రెండు గంటల దూరంలో. పొద్దుటి టీ జగదీశ్వరరావే పెట్టుకోవడం నేర్చుకున్నాడు, నేర్చుకున్నంతకాలం సణిగాడు. కార్తీకం వెళ్ళాక వేటమాంసం కార్జం వండి, ముందు తన కంచంలో వేసుకుంది.

"మొగోడికి ఎయ్యకుండానేటే?" అంది సింహాద్రమ్మ.

"కొడవలొచ్చి ఆయన మీద వాలిన రోజు ఆయనకే వేస్తాను అత్తా."

నెలసరి మొదట ఎనిమిది రోజులకి దిగింది. తర్వాత రెండు నెలలూ ఐదు రోజులే, డోసుకి ముందున్నట్టే. అట్లకాడ మేకుకి నిటారుగా వేలాడింది. పిల్లలు బాక్సుల మూతలు తెరిచే కూర్చున్నారు. రక్తం పది పాయింట్ ఎనిమిది.

గడువు అయ్యాక జగదీశ్వరరావు సెలవు పెట్టి మరీ తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ట్రే తెప్పించి తలుపులమ్మ ముందు పెట్టింది. ఏదీ కదల్లేదు.

"బాగుంది. ఇంక కత్తి మాట వింటుంది. ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఆగిపోయినదానికి ఆపరేషనెందుకండీ?" అంది తలుపులమ్మ. "రెండు నెలల్నించీ ఐదు రోజులే. ఆ రోజు కత్తి ఒప్పుకుని ఉంటే ఏం చేసేవారు?"

డాక్టరమ్మ రిపోర్టు చూసింది, మళ్ళీ చూసింది. జగదీశ్వరరావు ఏదో అనబోతే తలుపులమ్మ అతని వైపు చూసింది.

"అప్పుడు నేను చెప్పింది మీరు రాసుకోలేదు. ఇప్పుడు రాయండి" అంది డాక్టరమ్మతో.

సొరుగులోంచి స్టీలు పెన్ను బయటికొచ్చింది. బల్ల మీద పెట్టిన చోటే ఉంది. రెండో డోసు తర్వాత మొదలైంది, మూడు నెలలు ఎక్కువగా పోయింది, దానంతటదే తగ్గింది, ఆపరేషను అక్కర్లేదు. తలుపులమ్మ చెప్తుంటే డాక్టరమ్మ రాసింది. బెంచీల ముందు నిలబడి పిల్లల లెక్కలు దిద్ది దిద్ది తలకిందుల రాత చదవడం ఆమెకి అలవాటే. బల్లకి ఇవతల నుంచే పైదాకా చదివి, పాత రాతలో మొదటి లైను మీద వేలు పెట్టింది.

"ఈ టెన్షన్ అన్న మాట కొట్టేయండి."

డాక్టరమ్మ కొట్టేసింది.