లొల్లి లేని ఇంట్లో బొంత

మా ఇంట్లో లొల్లి మొదలైతే నేను బొంత తీస్తాను. మా మామ మొగిలి, మా ఆయన సంపత్ ఒకరి మీద ఒకరు గొంతు లేపగానే పాత నూలు చీరలు నాలుగు పొరలుగా నేల మీద పరిచి, సూది పట్టుకుని కూర్చుంటాను. చాయ చల్లారిందన్న మాట టీవీ సౌండు దాకా వచ్చేసరికి నాకొక వరుస అయిపోతుంది. డిగ్రీలో ఇంతకంటే పనికొచ్చే విద్య ఎవరూ నేర్పలేదు. కోపంలో నా కుట్లు ఎంత సన్నగా పడతాయంటే, మా బొగ్గుగని కాలనీలో ఎవరింట్లో బాలింత ఉన్నా బొంత కోసం మా క్వార్టర్‌కే వస్తారు. గోడ అవతలి వాళ్లకు మా సంగతి తెలుసు కాబట్టి, ఎన్నాళ్లు పడుతుందని మాత్రం అడగరు.

ఈ ఏడు మా ఆడబిడ్డ ఉమారాణికి ఆడపిల్ల పుట్టింది. మా అత్త లేదు. రెండు గదుల క్వార్టర్‌లో, ఆ అరుపుల మధ్య కాన్పెందుకని జమ్మికుంటలో తన అత్తగారింట్లోనే చేశారు. ఇరవయ్యొకటో రోజు పురుడు. బొంతయినా పుట్టింటి నుంచి పోవాలని పోయిన అత్త చీరలు తీశాను. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో లొల్లి ఆగిపోయింది. మామకు షుగర్ పెరిగిందని డాక్టర్ చెప్పినప్పటి నుంచి మా ఆయన మెత్తబడ్డాడు. తండ్రీకొడుకులు పక్కపక్కనే కూర్చుని క్రికెట్ చూసేవారు. నేను సూది పడితే ఆవలింతలొచ్చేవి, కుట్లు వంకర పోయేవి. పురుడు దగ్గరికొచ్చింది, బొంత సగం కూడా కాలేదు.

ఒకనాడు మా ఆయన బొగ్గుబాయి నుంచి డ్యూటీ దిగి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. పప్పు వడ్డిస్తూ, "మామ అంటుండు, ఇప్పటోళ్లదేం డ్యూటీ, పనంత మిషినే చేస్తదట" అన్నాను.

మామ ఆ మాట అనలేదు. అనగలడు, అంతే. చిన్న లొల్లి చాలనుకున్నాను, సగం బొంతకు సరిపడా.

మా ఆయన కంచం జరిపి లేచి, ముందుగదిలో ఉన్న మామ దగ్గరికి పోయాడు. మామ ఒంట్లో బాగాలేక బాయి పని మానుకుంటే, ఆయన బదులు కంపెనీ కొడుక్కిచ్చిన కొలువు అది. ఆ వేళ చాయ, టీవీ, ఏవీ మాటల్లోకి రాలేదు.

"గీ కొలువు నేనడిగిన్నా బాపు? ఫొటో స్టూడియో పెట్టుకుంటనంటే తీస్కపోయి బాయిల దించినవ్."

తాను ఏమీ అనలేదని కూడా మామ చెప్పుకోలేదు. కొడుకు ముఖం చూసి, "నువ్వడగలే. నేనే ఇచ్చిన" అన్నాడు.

తెల్లారి మామ చేతిసంచిలో బట్టలు, షుగర్ మందులు పెట్టుకుని జమ్మికుంటలో ఉన్న బిడ్డ ఉమారాణి దగ్గరికి వెళ్లిపోయాడు. పురుడు దాకా ఉండి వస్తాడనుకున్నాం. బాపు ఇక ఇక్కడే ఉంటానంటున్నాడని ఉమారాణి ఫోన్ చేసింది. బొంత మాత్రం గడువుకు ముందే అయిపోయింది. అంత సన్నటి కుట్టు నేనెన్నడూ కుట్టలేదు.

పురుడుకు ఒక్కదాన్నే వెళ్లాను. మా ఆయనకు సెలవు దొరకలేదట. అడగలేదని నాకు తెలుసు. ఆడవాళ్లు బొంత చేతులు మార్చుకుంటూ మెచ్చుకుంటుంటే నేను తల ఎత్తలేకపోయాను. పిల్లను అందులోనే పండబెట్టారు. పెరట్లో కూర్చున్న మామ దగ్గరికి వెళ్లి, ఆ మాట నేనే పుట్టించానని చెప్పాను. ఎందుకు పుట్టించానో కూడా చెప్పాను. చెబుతుంటే అదెంత చిన్న కారణమో నాకే వినిపించింది. ఇంటికి రమ్మన్నాను.

మామ నవ్వబోయి ఆగాడు. "నువ్వన్నది అబద్ధం బిడ్డా. వాడన్నది అబద్ధం కాదు గద."

ఇంటికొచ్చి మా ఆయనకూ అంతా చెప్పాను. అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది.

"పిల్లను గా బొంతలనే పండబెట్టిన్రా?" అని అడిగాడు.

అవునన్నాను.

"బాపు ఏమన్నడు?"

మామ అన్న మాట అన్నట్టే చెప్పాను. మా ఆయన గోడ వైపు తిరిగాడు.

"అప్పుడు గీ కొలువు ఒద్దన్న. చేరినంక ఎన్నడు ఒద్దనుకోలే. గా మాట బాపుకు చెప్పలే నేను."

తెల్లారి డ్యూటీకి పోలేదు. జమ్మికుంట బస్సుకు తయారయ్యాడు. నేనూ చెప్పులు వేసుకున్నాను.

"నువ్వొద్దు తియ్" అన్నాడు. అందులో కోపం కూడా లేదు. గేటు మెల్లగా వేసి వెళ్లిపోయాడు.