మూడో సిలిండరూ కత్తిపీటా

"గా కారును ఇడిసిపెట్టు వసుధా, అది మిక్సీ కాదు" అని మా ఆయన తిరుమల్ అన్నప్పుడు నేను కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు కోస్తున్నాను. మిక్సీ అయితే మాత్రం నేనే బాగు చేసుకోవాలన్నమాట.

కారు కుదుపుతోంది. ఎదురుగా ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతోంది. బోయిన్‌పల్లిలో మా వీధి చివరి మెకానిక్ లైటు ఆర్పి పంపించాడు. మోండా మార్కెట్‌కి చేరేలోపే మళ్లీ వెలిగింది. ఇంజనే విప్పాలని అతను, అమ్మేద్దామని తిరుమల్. నేను నడపడం నేర్చుకున్నది ఆ కారు మీదే. అది పోతే కొత్తదాని తాళం నా చేతికి రాదు. అది నాకు బాగా తెలుసు.

అందుకే అగ్గిపెట్టెంత స్కానర్ తెప్పించాను. స్టీరింగ్ కింద గుచ్చితే కారు జబ్బేమిటో ఫోన్‌లో కనిపిస్తుంది. మూడో సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదంది. ఎందుకో చెప్పదు, అది మనమే కనుక్కోవాలి. స్టవ్ మీద ఒక పొయ్యి వెలగకపోతే ఏం చేస్తాను? పక్క బర్నర్ తీసి అందులో పెట్టి చూస్తాను. ఇంజన్ చల్లారాక నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌ని మూడోదాని మీంచి తీసి ఒకటోదాని మీద, అక్కడిది ఇక్కడ బిగించాను. ఫోన్‌లో పాత తప్పు కోడ్ చెరిపి, వీధి చుట్టూ తిప్పాను. ఈసారి ఒకటో సిలిండర్ అని చూపించింది. జబ్బు కాయిల్ వెంటే వెళ్లింది, దొంగ దొరికింది! కొత్త కాయిల్ వేశాక బండి మెత్తగా నడిచింది. బానెట్ మూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కూర బాగుందని ఎవరన్నా నాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ సాయంత్రం తిరుమల్ ఫోన్‌లో ఎవరితోనో, "కాయిల్ పోయింది, ఇంట్లనే మార్చేసినం" అన్నాడు. అతను టార్చి కూడా పట్టుకోలేదు.

మర్నాడు దసరా. మా అత్తమ్మ కమలాబాయి ఆయుధ పూజకు తిరుమల్ లాప్‌టాప్, ఇంట్లోని స్క్రూడ్రైవర్లు, నా తరఫున కత్తిపీట వరసగా పెట్టింది. పూజలో పెట్టినవి తెల్లారేదాకా ముట్టకూడదు. లాప్‌టాప్‌కి సెలవే. కత్తిపీట మీద మాత్రం ఏటా బొట్టు ఆరకముందే వంకాయలు కోస్తాను. అందులో తప్పుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఈసారి దాని పక్కన స్కానర్ పెట్టాను.

"గిదేందే?" అంది అత్తమ్మ.

"కారు తక్లీఫ్ ఏందో చెప్తది అత్తమ్మా. దీంతోటే బాగు చేసిన."

"ఎవలు, నువ్వా?"

"నేనే."

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. అతను లాప్‌టాప్ మీద బంతిపువ్వు సర్దుతున్నాడు. ఆమె స్కానర్‌కి బొట్టు పెట్టింది.

కారును నిమ్మకాయల మీదుగా ఏటా తిరుమల్ నడిపేవాడు. ఈసారి తాళం నేనే తీసుకున్నాను. లైటు వెలగలేదు.

లోపలికి వచ్చేసరికి తిరుమల్ వంటింటి గుమ్మంలో ఉన్నాడు. "వంట షురూ చెయ్యవా? ఆకలైతాంది."

"కత్తిపీట పూజల ఉన్నది. రేపటిదాక ముట్టొద్దు గదా."

"ఏందీ, పరాచకాలా?"

"పరాచకమేందిరా? ఆయుధమంటే ఆయుధమే" అంది వెనక నుంచి అత్తమ్మ. చెప్పులు అప్పటికే వేసుకుంది. "పా వసుధా, ఏ.ఎస్. రావు నగర్‌ల ఏమన్న తిందాం. కారు నువ్వే తియ్."

ముందు సీట్లో కూర్చుని బెల్టు లాక్కుంటూ ఇంటి వైపు ఒకసారి చూసింది.

"గా కత్తిపీట నాదేనే" అంది. "పెండ్లయిన కాడికెల్లి దానికి ఒక్క దసరా అన్న సెలవియ్యలే."